ఆలస్యం మాదేనని ఒక్క ముక్క

చెంచురామయ్య జన్మలో ఎక్కడికీ వేళకి వచ్చిన పాపాన పోలేదు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు, కట్టుకున్న భార్య సరోజిని నలుగురిలో నవ్వుతూ చెప్పే మాట. వేమూరులో వాళ్ళ పెళ్ళినాడు మగపెళ్ళివారి బండ్లన్నీ విడిదికి చేరాక పెళ్ళికొడుకేడని వెతికితే, కాలువ లాకుల దగ్గర ఎవరో వల వేస్తుంటే ఏం పడుతుందో చూసిపోదామని నిలబడిపోయాడట. "ఏం పడిందండీ మరి?" అని ఎవరైనా అడిగితే, "ఏం పడుతుంది, నేను పడ్డాను" అనేది సరోజిని.

తెనాలి నిమ్మకాయల మార్కెట్లో ఆయనకి కమీషన్ కొట్టు. రైతులు తెచ్చిన కాయని వేలం పాడించి లారీలకెక్కించడం ఆయన పని. పాట ఏడింటికి మొదలవ్వాలి. చూసి చూసి గుమస్తా ఏడున్నరకి మొదలుపెట్టేవాడు. యజమాని ఎనిమిదిన్నరకి తీరిగ్గా వచ్చి, "అప్పుడే మొదలెట్టేశారేంటయ్యా?" అని ఆశ్చర్యపోయేవాడు. మనిషి మాత్రం వెన్నపూస. ఎంత ఆలస్యంగా వచ్చినా నవ్వుకుంటూ వచ్చేవాడు. ఆ నవ్వు చూసి, తిట్టడానికి నోరు తెరిచినవాళ్ళు కూడా నవ్వేసి ఊరుకునేవాళ్ళు. నలభై ఎనిమిదేళ్ళు అలాగే గడిచిపోయాయి. పందొమ్మిది వందల అరవై ఏడు వైశాఖంలో ఆ మహానుభావుడు విమానం ఎక్కకుండా ఉంటే, మిగతా జీవితం కూడా అలాగే గడిచిపోయేది.

ఆయనకి ఒక్కతే చెల్లెలు, కనకదుర్గ. ఆమెని బాపట్లలో ఇచ్చారు. బావగారు ప్రకాశరావు తాలూకా ఆఫీసులో హెడ్ క్లర్కు, తుమ్మొచ్చినా గడియారం చూసుకుని తుమ్మే రకం. వాళ్ళ అమ్మాయి చంద్రకళ. మేనరికం కదా, అడక్కపోతే అడగలేదంటారని చెంచురామయ్య తన కొడుక్కి చంద్రకళని ఇమ్మని అడిగాడు.

"మీవాడు పి.యు.సి. రెండుసార్లు తప్పాడు కదా బావగారూ. మా పిల్ల బి.ఎ. ప్యాసయింది" అన్నాడు ప్రకాశరావు నసుగుతూ.

"నిజమే బావా! నాకు కూతురుంటే నేను మాత్రం వాడికిస్తానా?" అని చెంచురామయ్య పగలబడి నవ్వి, ఇచ్చిన కాఫీ తాగి, వెళ్ళాల్సిన బండి తప్పిపోతే రాత్రికి అక్కడే పడుకుని మర్నాడు వచ్చేశాడు. ఆయన మనసులో ఇసుమంతైనా ఏమీ లేదు. కాని బంధువర్గంలో మన మనసులో ఏముందో మనం చెబితే ఎవరు వింటారు? అది వాళ్ళే తేల్చేస్తారు. "మేనమామ లోపల కుళ్ళిపోతున్నాడు, చూస్తూ ఉండండి, పెళ్ళిలో ఏదో ఒకటి చేస్తాడు" అని అప్పటినుంచే చెవులు కొరుక్కోవడం మొదలైంది.

చంద్రకళకి రేపల్లె సంబంధం కుదిరింది. పగటి ముహూర్తం, పదకొండూ యాభై రెండు నిమిషాలకి. మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తన కాళ్ళతో నడిచి పందిట్లోకి రాదు. వెదురుబుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకుని రావాలి. నలుగురైదుగురు మేనమామలున్న పిల్లకి పరవాలేదు, ఒకడు రాకపోయినా ఇంకొకడుంటాడు. చంద్రకళకి చెంచురామయ్య ఒక్కడే దిక్కు.

సరిగ్గా పెళ్ళికి మూడు రోజుల ముందు, లారీ కాయంతా మెత్తబడిపోయిందని హైదరాబాదు వర్తకుడు పేచీ పెట్టాడు. స్వయంగా వెళ్ళక తప్పలేదు. "చచ్చినా వెళ్ళొద్దండీ, మీ సంగతి మీకు తెలీదా?" అని సరోజిని నెత్తీనోరూ బాదుకుంది.

"అందుకే ఈసారి రైలెక్కను. విమానంలో వస్తా" అన్నాడు చెంచురామయ్య.

ఆయన లెక్క ఆయనది. హైదరాబాదులో రాత్రి రైలు ఆయనకి అప్పటికి మూడుసార్లు తప్పిపోయింది. పెళ్ళిరోజు పొద్దున్న ఆరున్నరకి విమానం. ఏడున్నరకల్లా గన్నవరంలో దింపేస్తుంది. టాక్సీలో కృష్ణ దాటి, తెనాలి మీదుగా బాపట్ల చేరేసరికి పదకొండు కూడా కాదు. రైలు టిక్కెట్టుకి అయిదారింతలు పోసి టిక్కెట్టు కొన్నాడు. కొని చెల్లెలికి టెలిగ్రాం కొట్టాడు: "విమానంలో వస్తున్నా. బుట్ట సిద్ధం చెయ్యి."

టెలిగ్రాం అంటే ఏడుపులు మొదలెట్టే రోజులవి. కనకదుర్గ మాత్రం ఆ కాగితం పట్టుకుని వీధి వీధంతా తిరిగింది. "మా అన్నయ్య విమానంలో వస్తున్నాడు. నా కూతుర్ని ఎత్తడానికి విమానంలో వస్తున్నాడు" అని ఇంటింటికీ చెప్పింది. సన్నాయివాళ్ళక్కూడా చెప్పింది.

ఇక విమానం దగ్గర ఆయన పడ్డ పాట్లు వినండి. ఆరున్నర విమానానికి మూడున్నరకే వెళ్ళి గేటు ముందు నిలబడ్డాడు. చేతిలో పెట్టె, చంకలో నిమ్మకాయల సంచి. కాపలావాడు దొంగేమోనని లాంతరు ఎత్తి మొహం చూశాడు. టిక్కెట్టు చూపించాక, ఇంకా మూడు గంటలుందని, పొమ్మని చెప్పాడు. "పోను నాయనా. నా జీవితంలో మొదటిసారి ముందొచ్చాను, నన్నిలా ఉండనీ" అని చెంచురామయ్య ఒక డజను నిమ్మకాయలు వాడి చేతిలో పెట్టాడు. తలుపులు తెరిచాక అందరికంటే ముందు లోపలికెళ్ళి, అందరికంటే ముందు పెట్టె తూకం వేయించుకుని, అందరికంటే ముందు కుర్చీలో కూర్చున్నాడు. ఇంత ముందుండటంలో ఇంత హాయి ఉంటుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పనేలేదే అని కూడా అనుకున్నాడు.

ఆరున్నరయింది. విమానం ఎదురుగా ఎండలో మెరుస్తూ నిలబడే ఉంది. ఏడయింది. "ఇప్పుడే బయల్దేరుతుందండి" అన్నాడు కౌంటరు మీదున్న అబ్బాయి. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ప్రతిసారీ ఆ అబ్బాయిది అదే మాట. పదింటికి చెంచురామయ్య ఆ కౌంటరు దగ్గరికే వెళ్ళి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. "బాబూ, బుట్ట ఎత్తాలయ్యా నేను" అన్నాడు. బుట్టలు సామాన్లతో పాటే వస్తాయని ఆ అబ్బాయి చెప్పాడు. పదకొండుంబావుకి బయట కారు ఆగింది. మెడలో దండతో ఒక పెద్దమనిషి నింపాదిగా దిగి, నలుగురికీ నమస్కారాలు పెట్టుకుంటూ నడిచి వెళ్ళి విమానం ఎక్కాడు. అప్పుడు విమానం బయల్దేరింది.

గాల్లో ఉండగా పదకొండూ యాభై రెండయింది. చెంచురామయ్య గడియారం వైపే చూస్తున్నాడు. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంతకు ముందే ఎయిర్‌హోస్టెసమ్మాయి పళ్ళెంలో పెట్టి అందించిన సోంపు గింజలు గుప్పిట్లోనే ఉన్నాయి. లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అని ఆ గింజల్నే అక్షింతలుగా బాపట్ల వైపు చల్లాడు. బాపట్ల ఎటుందో ఆయనకేం తెలుసు? గింజలన్నీ వెళ్ళి ముందు సీట్లో పెద్దమనిషి బట్టతల మీద పడ్డాయి.

బాపట్లలో టాక్సీ దిగేసరికి సాయంత్రం నాలుగు దాటింది. పందిట్లో విస్తళ్ళు తీసేస్తున్నారు. వేటపాలెం నుంచి భోజనానికని వచ్చిన ఎవరో దూరపు వరస మేనమామ చేత బుట్ట ఎత్తించారట. వరస తేల్చడానికే పది నిమిషాలు పట్టిందట. కనకదుర్గ గుమ్మంలో నిలబడి ఉంది. అన్నని ఒక్కసారి తేరిపార చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా గిరుక్కున తిరిగి లోపలికెళ్ళిపోయింది.

"విమానం ఆలస్యమైంది బావా" అన్నాడు చెంచురామయ్య.

"అలాగేలెండి బావగారూ" అన్నాడు ప్రకాశరావు. ఆ "అలాగేలెండి"లో పిల్లనివ్వకపోవడం, పి.యు.సి., పగ, అన్నీ ఉన్నాయి.

పక్కన ప్రకాశరావు మేనత్త ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. "రైలాలస్యమైందంటే నమ్మొచ్చు, బస్సాలస్యమైందంటే నమ్మొచ్చు. ఆకాశంలో ఆలస్యమేంటి నాయనా? అక్కడ గేట్లు పడతాయా, గేదెలడ్డొస్తాయా?"

పందిరంతా ఘొల్లుమంది. చెంచురామయ్య కూడా అలవాటుగా నవ్వబోయాడు, ఎవరూ ఆయనతో కలిసి నవ్వలేదు. అప్పుడు పౌరుషం తన్నుకొచ్చింది. "సరే! ఆలస్యం మాదే, ఈ మనిషిది కాదు అని ఆ కంపెనీవాళ్ళ చేతే రాయించి, ముద్రేయించి తీసుకొస్తా. ఆ కాగితం చేతికొచ్చిందాకా ఈ గడప తొక్కితే నా పేరు చెంచురామయ్య కాదు" అని, పెట్టె దించకుండానే అదే టాక్సీలో తెనాలి వెళ్ళిపోయాడు.

ముందు కొట్టు కాగితం మీద తెలుగులో తనే రాశాడు. జవాబు లేదు. కంపెనీ ఇంగ్లీషులో పుట్టింది, ఇంగ్లీషులో రాస్తేగాని దానికి అర్థం కాదన్నారు ఎవరో. ఇంగ్లీషంటే ఆ చుట్టుపక్కల రేపల్లెలో జ్ఞానానందం మాస్టారే. మిషను స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన రాసిన అర్జీ చదివితే కలెక్టరు లేచి నిలబడతాడని చెప్పుకునేవాళ్ళు. చెంచురామయ్య రేపల్లె పాసింజరెక్కి వెళ్ళాడు. పదింటికి రమ్మంటే పన్నెండింటికి చేరాడు.

మాస్టారు అంతా విని కలం మూత తీశారు. "చివర్లో ఏమని ప్రార్థిద్దామండీ? నష్టపరిహారం ఎంతని వెయ్యను?"

"డబ్బొద్దు మాస్టారూ. ఆలస్యం మాదేనని ఒక్క ముక్క రాయించండి చాలు."

జ్ఞానానందంగారు కలం కింద పెట్టారు. "రాజమ్మా, ఇంకో కప్పు టీ తీసుకురా" అని లోపలున్న భార్యని కేకేసి, "ముప్పై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నానండీ. డబ్బొద్దన్న అర్జీ ఇదే మొదటిది. దీన్ని నేను ఊరికే రాస్తాను" అన్నారు. నాలుగు పేజీలు రాశారు. అందులో మేనమామ అంటే ఎవరో, బుట్ట అంటే ఏంటో, దాన్ని ఎత్తకపోతే వంశాలెలా విడిపోతాయో వివరంగా ఉంది.

రెండు నెలలకి అచ్చు కాగితం ఒకటి వచ్చింది. పి.యు.సి. కొడుకు కూడబలుక్కుని చదివాడు. ఆలస్యంగా హాజరైన ప్రయాణికులకు కంపెనీ ఎటువంటి బాధ్యతా వహించదని దాని సారాంశం. సరోజిని పొట్ట పట్టుకుని నవ్వింది. "ఎంత గొప్ప కంపెనీ అండీ! మిమ్మల్ని చూడకుండానే మీ సంగతి కనిపెట్టేసింది."

చెంచురామయ్యకి నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ రేపల్లె వెళ్ళాడు, మళ్ళీ ఉత్తరం. ఈసారి జవాబు టైపు కొట్టి వచ్చింది. ఆ రోజు దట్టమైన పొగమంచు వల్ల విమానం బయల్దేరలేకపోయిందట. మాస్టారు ఆ ముక్క దగ్గర ఆగి, గోడనున్న పంచాంగం తీసి చూసి, వైశాఖ బహుళమని తేల్చారు. "ఆ వారం వడదెబ్బకి మా వీధిలో ఇద్దరు పోయారు చెంచురామయ్యగారూ. మంచట!" మూడో ఉత్తరం ఆరు పేజీలైంది. దండ వేసుకున్న పెద్దమనిషి కారు ఎన్నింటికి వచ్చిందో కూడా అందులో ఉంది.

దాంతో కంపెనీ దారి మార్చింది. ఒకరోజు పోస్టుమాను మనియార్డరు పట్టుకొచ్చాడు, సద్భావంతో పంపుతున్నామని. "ఆలస్యం మాదేనని రాశారేమో చూడు" అన్నాడు చెంచురామయ్య. పోస్టుమాను అటూ ఇటూ తిప్పి చూసి లేదన్నాడు. "అయితే పట్టుకుపో" అన్నాడు. వచ్చిన డబ్బుని కాదన్న మనిషిని ఆ పోస్టుమాను సర్వీసులో చూడలేదు. మార్కెట్టంతా చెప్పాడు. ఆ తర్వాత విమానం బొమ్మున్న తోలుసంచి ఒకటి పార్సెల్లో వచ్చింది. దాన్నీ తిప్పి పంపేవాడే, కాని ఆయన కొట్టునుంచి వచ్చేలోపు సరోజిని అందులో వంకాయలు పోయించుకుని వచ్చేసింది.

ఈ గొడవలో పడి ఆయన బాపట్ల వైపు కన్నెత్తి చూడలేదు. కనకదుర్గ నుంచి ఒక ఉత్తరం ముక్క లేదు. సరోజిని మాత్రం వెళ్ళొస్తూ ఉండేది. "వదిన మీ గురించి ఒక్క మాటా అడగలేదండీ" అని చెప్పేది. అది విన్న రోజు చెంచురామయ్యకి అన్నం సహించేది కాదు. ఒక్కతే చెల్లెలు. అమ్మ పోయేనాటికి దానికి ఏడేళ్ళు, తల దువ్వి జడలు వేసింది ఆయనే. జడ వంకరగా వస్తే అలాగే బడికి వెళ్ళేది గాని, ఇంకెవర్నీ తల ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పిల్ల తన మాట నమ్మలేదు, దాన్ని మాత్రం ఆయన దిగమింగలేకపోయాడు. కాగితం వస్తే చాలు, దాని మొహం మీద పెట్టి చూడమంటాను అని రోజుకి పదిసార్లు అనుకునేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం రేపల్లె స్టేషన్లో తిరుగు బండి కోసం కూర్చుని ఉన్నాడు. అవతల నుంచి చంద్రకళ వస్తోంది, పక్కన అత్తగారు. ఏడో నెల కడుపు, బరువుగా నడుస్తోంది. పురిటికి బాపట్ల వెళుతున్నట్టుంది. పలకరించాలి. ఏమని పలకరించాలి? బుట్ట ఎందుకెత్తలేదు మావయ్యా అంటే ఏం చూపించాలి? కాగితం ఇంకా రాలేదే! లేచి, ప్లాట్‌ఫారం మీద పేర్చి ఉన్న ఎండురొయ్యల గంపల వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. బండి వచ్చి, వాళ్ళెక్కి, అది కదిలిందాకా అక్కడే ఉన్నాడు. అదే తన బండి అని అప్పుడు గుర్తొచ్చింది. ఇంటికెళితే రొయ్యల కంపు భరించలేక సరోజిని పెరట్లోనే ఆపేసి నెత్తిన మూడు బిందెల నీళ్ళు గుమ్మరించింది. మనవడు పుట్టాడు, బారసాల అయింది. సరోజిని ఒక్కతే వెళ్ళొచ్చింది.

అరవై ఎనిమిది ఆషాఢంలో, పెళ్ళయిన పధ్నాలుగు నెలలకి, చెంచురామయ్య కొట్టు ముందు రిక్షా దిగాడు ఒక కుర్రాఫీసరు. పేరు ఏసుబాబు. గన్నవరం ఆఫీసునుంచి వచ్చాడు. చంకలో పసిపిల్లాడంత ఫైలు.

"చెంచురామయ్యగారంటే మీరేనాండి? మీ కోసం తొమ్మిదింటినుంచి తిరుగుతున్నానండి" అన్నాడు చెమట తుడుచుకుంటూ. టైము పదకొండు.

సంగతేంటంటే, ఈ ఫైలు మూతపడటం లేదు. ఏదో ఒకటి పుచ్చుకున్నట్టు సంతకం పెడితేగాని మూయడానికి వీల్లేదు. ఈయన దేన్నీ పుచ్చుకోడు. ఆడిటువాళ్ళొచ్చి ప్రతిసారీ దీని దగ్గరే ఆగిపోతున్నారు. "మా పై ఆఫీసరుకి మీ ఉత్తరం వచ్చిందంటే చాలు, బి.పి. లేచిపోతోందండి. ఏదో ఒకటి పుచ్చుకోండి బాబాయిగారూ, మీకు పుణ్యముంటుంది."

"ఆలస్యం మీదేనని రాసివ్వు, ఇప్పుడే పెడతా సంతకం."

"అది రాయలేమండి" అని ఏసుబాబు గొంతు తగ్గించాడు. "రాస్తే ఎందుకాలస్యమైందో కూడా రాయాలి కదండి. ఆ పెద్దాయన పూజ పూర్తి కాలేదని విమానం ఆపారు. అది కాగితం మీద పెడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఫైల్లో మాత్రం అంతా ఉందండి. మీరు మూడున్నరకే వచ్చినట్టు కాపలావాడి రిపోర్టు కూడా ఉంది."

చెంచురామయ్య దిగ్గున లేచాడు. "ఫైల్లో ఉందా?"

"ఉందండి. కాని ఇవ్వడానికి వీల్లేదండి."

"ఇవ్వొద్దు నాయనా. చదవడానికి వీలుందా? నాతో బాపట్ల వచ్చి మా చెల్లెలికి చదివి వినిపించు. ఆ తర్వాత నువ్వెక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతా."

ఏసుబాబు ఆలోచించాడు. చదవకూడదని రూలెక్కడా లేదు. ఇద్దరూ మధ్యాహ్నం పాసింజరెక్కారు.

బాపట్లలో ప్రకాశరావు ఇంటి అరుగు మీద కుర్చీ వేసి ఏసుబాబుని కూర్చోబెట్టారు. విమానం కంపెనీవాడొచ్చాడని తెలిసి వీధిలోవాళ్ళంతా మూగారు, మేనత్తతో సహా. కనకదుర్గ గుమ్మానికి చేరగిలబడి నిలబడింది. చేతిలో మనవడు. అన్నని రమ్మనలేదు, కూర్చోమనలేదు. చెంచురామయ్య గడప బయటే నిలబడ్డాడు.

ఏసుబాబు గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఇంగ్లీషు ముక్క చదువుతూ, దానికి తెలుగు చెబుతూ. తెల్లవారుజామున మూడున్నరకి ఒక ప్రయాణికుడు నిమ్మకాయల సంచితో గేటు దగ్గరికి వచ్చి, పొమ్మన్నా పోలేదు. పెట్టె తూకంలో మొదటి నంబరు ఈయనదే. పదింటికి ఈయన కౌంటరు దగ్గర బుట్ట ఎత్తాలంటూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పదకొండూ ముప్పై అయిదుకి విమానం బయల్దేరింది. పదకొండూ యాభై రెండుకి ఈయన లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, సోంపు గింజలు విసిరి గౌరవనీయులైన తోటి ప్రయాణికుడికి అసౌకర్యం కలిగించాడు.

"ముహూర్తం టైము!" అన్నాడు ప్రకాశరావు. గడియారం మనిషి కదా, ఆ అంకె వినగానే ఆయన మొహం పాలిపోయింది. అరుగు దిగి వచ్చి చెంచురామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "బావగారూ, ఆ రోజు నేనన్న మాట తప్పండీ. మనసులో పెట్టుకోకండి."

మేనత్త కూడా ముక్కు చీదింది. చెంచురామయ్య ఛాతీ పొంగింది. గెలిచాడు. పధ్నాలుగు నెలల తర్వాత తలెత్తుకుని చెల్లెలి వైపు చూశాడు.

కనకదుర్గ కళ్ళల్లో నీళ్ళు లేవు. "చదవడం అయిందా బాబూ?" అని అడిగింది.

"అయిందండమ్మా."

"ఇదంతా నాకు ఆ రోజే తెలుసు" అంది.

అందరూ తెల్లబోయారు. చెంచురామయ్యకి ఏమీ అర్థం కాలేదు. "తెలుసా? ఎవరు చెప్పారే?"

"ఒకళ్ళు చెప్పాలా అన్నయ్యా? టాక్సీ దిగినప్పుడు నీ మొహం చూశా. అలిగి కావాలని ఆలస్యం చేసిన మనిషి మొహం అలా ఉంటుందా? అందరి ముందూ ఏడవలేక లోపలికెళ్ళా. మొహం కడుక్కుని, పొద్దుట్నుంచీ ఏమీ తిని ఉండవని, పళ్ళెంలో లడ్డూ పెట్టుకుని కాఫీ పట్టుకొచ్చా. వచ్చేసరికి నువ్వు లేవు. ఎంతసేపు? అయిదు నిమిషాలు. నీ కోసం అందరం జన్మంతా ఎదురుచూశాం, నా కోసం నువ్వు అయిదు నిమిషాలు ఆగలేకపోయావు."

చెంచురామయ్య ఎత్తిన తల దించేసుకున్నాడు.

"అప్పుడైనా రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అనుకున్నా. వదినని ఒక్క మాటా అడగలేదు, నిజమే. నా మాట వదిన మోసుకొస్తే వస్తావా, నీ అంతట నువ్వొస్తావా చూద్దామని. రేపల్లె స్టేషన్లో నిన్ను నా కూతురు చూసింది. నువ్వు గంపల వెనక్కి వెళ్ళడం కూడా చూసింది. నిండు మనిషి, ఇంటికొచ్చి రెండు రోజులు ఏడ్చింది, మావయ్యకి నా మీద కోపం పోలేదని. అసలు ఈ కాగితం తెమ్మని నిన్ను ఎవరడిగారు? నేనడిగానా? విమానం అయిదు గంటలు రాలేదని ఊళ్ళన్నీ తిరిగి అర్జీలు పెట్టావు. నువ్వు పధ్నాలుగు నెలలు రాకపోతే, నేనెవరికి పెట్టుకోను అన్నయ్యా?"

చెంచురామయ్య నవ్వబోయాడు. నలభై తొమ్మిదేళ్ళుగా ఎక్కడా తప్పని నవ్వు అది, ఆ పూట రాలేదు. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అంతవరకు ఆ మాట ఆయన ఎవరితోనూ అని ఎరగడు. ఆ గడప మీదే కూలబడి, వీధివాళ్ళంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు.

కనకదుర్గ ఆయన్ని కాసేపు అలాగే ఏడవనిచ్చింది. తర్వాత వంగి పిల్లాణ్ణి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఇంక చాల్లే. వంటకి ఇంకో గంట పడుతుంది. ఇక్కణ్ణించి కదిలావంటే ఊరుకోను" అని లోపలికెళ్ళింది.

గంట కాదు, రెండు గంటలు పట్టింది. ఆవిడ కావాలనే నిదానంగా చేసిందేమో చెప్పలేం. మధ్యలో ఏసుబాబు భయంభయంగా చాపిన కాగితం మీద చెంచురామయ్య ఏం రాసుందో చూడకుండా సంతకం పెట్టేశాడు. పిల్లాడు ఆయన పంచె తడిపేశాడు. మనిషి మాత్రం ఆ గడప మీంచి లేవలేదు.